తారులో టైరు పొడి: తిరుపతిలో ఒక ప్రసంగ పాఠం

(సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు, కాంట్రాక్టర్లు, రోడ్డు పనుల మేస్త్రీలు హాజరైన సభలో ఒక విశ్రాంత రోడ్డు ఇంజినీరు మాట్లాడింది ఇది. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బ్యానర్ మీద ‘చెత్త నుంచి సంపద’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. సంతోషం. కానీ నేను చెత్త సంగతి తర్వాత చూస్తాను, ముందు రోడ్డు సంగతి మాట్లాడతాను. పాత టైర్లు పేరుకుపోయాయి, ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి కదా, రోడ్డులో వేసేద్దాం అని బయల్దేరినవాళ్లు చాలాచోట్ల చేతులు కాల్చుకున్నారు. ఈ రోడ్డుకు వచ్చిన జబ్బేమిటి, దానికి రబ్బరు పనికొస్తుందా అని ముందే అడిగినవాళ్ల రోడ్లు నిలబడ్డాయి. నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా దానికి వివరం.

మన ఎండల గురించి మీకు చెప్పక్కర్లేదు. మే నెలలో రేణిగుంట దగ్గర గాలి వేడి 42 డిగ్రీలుంటే నల్లటి రోడ్డు పైముఖం 60 దాటుతుంది. చెప్పుల్లేకుండా రోడ్డు దాటే యాత్రికుణ్ణి అడగండి, థర్మామీటర్ అక్కర్లేదు. మనం మామూలుగా వాడే వీజీ-30 రకం బిటుమెన్‌కు, అంటే మీరు తారు అనే జిగురుకు, ఆ 30 అనే అంకె 60 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనాన్ని బట్టి వచ్చిందే. రోడ్డు అంత వేడెక్కుతుందని తెలిసే అక్కడ కొలుస్తారు. దాని సాఫ్టెనింగ్ పాయింట్, అంటే మెత్తబడే వేడి, కనీసం 47 డిగ్రీలుంటే ప్రమాణం ఒప్పుకుంటుంది. మరి 60 డిగ్రీల్లో రోడ్డు కారిపోవాలి కదా అంటారు. కారిపోదు. బరువు మోసేది ముఖ్యంగా కంకర. కాకపోతే ఆ కంకరను కదలకుండా పట్టుకోవాల్సిన జిగురు మెత్తబడుతుంది. బరువు బండి నెమ్మదిగా పోయే చోట ఆ సంగతి బయటపడుతుంది.

ఎక్కడెక్కడ బయటపడుతుందో గమనించండి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉంది. మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ ఉంది. ఎక్కేటప్పుడు లోడు లారీ మనిషి నడకతో పోతుంది. దిగేటప్పుడు డ్రైవర్ కాలు బ్రేకు మీద నుంచి తీయడు. మలుపులో చక్రం రోడ్డును పక్కకు నెడుతుంది. టోల్ గేటు ముందు, సిగ్నల్ దగ్గర, బస్టాండ్ లోపలికి తిరిగే చోట కూడా ఇదే వరస. తోతాపురి మామిడికాయలు దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు గంటల తరబడి బారులు తీరి నిలబడతాయి. సీజన్ అయిపోయాక అక్కడికి పోయి రోడ్డుకు అడ్డంగా ఒక తిన్నటి కర్ర పెట్టి చూడండి. చక్రాలు నిలిచిన చోట కర్ర కింద వేలు దూరుతుంది, కొన్నిచోట్ల రెండు వేళ్లు. దాన్నే రటింగ్ అంటాం.

రెండో జబ్బు పగుళ్లు. ఎండకూ గాలికీ బిటుమెన్‌లోని తేలిక నూనెలు తగ్గి, ఆక్సిజన్ పట్టి, కొన్నేళ్లకు అది పెళుసుబారుతుంది. బండి పోయిన ప్రతిసారీ రోడ్డు పిసరంత వంగి మళ్లీ లేవాలి. పెళుసెక్కిన పొర లేవలేక చీలుతుంది. ఆ చీలికలోకి నవంబరు వాన దిగుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో మీ స్కూటర్లకు తెలుసు. (నవ్వులు)

అంటే ఎండలో బిగువుగా ఉండాలి, బరువు పడితే సాగి వెనక్కి రావాలి. ఈ రెండూ ఒకే జిగురులో కావాలి. ఇక్కడ రబ్బరు అవసరం పడుతుంది.

1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగటగా మారదని, చలికి బిరుసెక్కదని కనిపెట్టాడు. గంధకం రబ్బరు అణువుల గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. టైరు అన్ని వేల కిలోమీటర్లు తిరగడం ఆ ముడుల పుణ్యమే. పాతబడ్డాక దాన్ని కరిగించి మళ్లీ టైరు పోయలేకపోవడానికీ అవే కారణం. అందుకే వేడి బిటుమెన్‌లో టైరు పొడి వేస్తే కరిగి కలిసిపోతుందనుకోవడం పొరపాటు. కరగదు. బిటుమెన్‌లోని తేలిక నూనెలను పీల్చుకుని రాత్రి నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. మొదటి పరిమాణానికి రెండింతలు, మూడింతలు కూడా అవుతుంది. కొంత నూనె రబ్బరులోకి పోవడంతో బయట మిగిలిన బిటుమెన్ చిక్కబడి ఎండను తట్టుకుంటుంది. ఉబ్బిన రేణువులేమో సాగి వెనక్కి వస్తాయి కాబట్టి పగుళ్లు ఆలస్యమవుతాయి. టైరులో దాదాపు పావు వంతు కార్బన్ బ్లాక్, అంటే నల్లటి మసి పొడి, ఉంటుంది, పాతబడకుండా వేసే రసాయనాలూ ఉంటాయి. అవి కూడా బిటుమెన్ పెళుసెక్కడాన్ని కొంత నెమ్మదింపజేస్తాయి.

ఇలా ఉబ్బడానికి వేడి కావాలి, టైమూ కావాలి. దీన్ని పట్టుకున్నది ఛార్లెస్ మెక్‌డొనాల్డ్. 1960లలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరపాలక సంస్థలో మెటీరియల్స్ ఇంజినీరు. ఫీనిక్స్ ఎండ మన ఎండకు ఏమాత్రం తీసిపోదు. పగిలిన రోడ్లకు మంచి ప్యాచ్ దొరక్క ఆయన వేడి బిటుమెన్‌లో టైరు పొడి కలిపి, ముప్పావు గంట నుంచి గంట సేపు అలాగే వేడి మీద ఉంచాడు. దాంతో అది కొత్త పదార్థంలా ప్రవర్తించడం చూశాడు. ఇప్పటికీ అరిజోనా, కాలిఫోర్నియాల్లో తడి పద్ధతి, వెట్ ప్రాసెస్, అనేది ఇదే. బిటుమెన్ బరువులో 15 నుంచి 20 శాతం పైదాకా రబ్బరు వేస్తారు, 175 డిగ్రీలకు పైనే వేడి ఉంచుతారు.

పొడి పద్ధతి, అంటే డ్రై ప్రాసెస్, అని ఇంకొకటి ఉంది. స్వీడన్‌లో 1960లలోనే మొదలైంది. ఇందులో రబ్బరును బిటుమెన్‌లో కాకుండా కంకరతో పాటు మిక్సర్‌లో వేస్తారు. వినడానికి సులువు. చిక్కేమిటంటే, అప్పుడు ఉబ్బడానికి టైమ్ దొరకని రబ్బరు రోడ్డు వేశాక లోపల నిదానంగా నూనె పీల్చుకుంటుంది. జిగురు ఎండిపోయి కంకర ఊడుతుంది. దీన్ని బాగా చేసినవాళ్లు లేకపోలేదు, కానీ మన ప్లాంట్లలో ఉన్న అదుపు చూసి చెప్తున్నాను, దాని జోలికి పోకపోవడం మంచిది.

విద్యార్థులు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 1991లో అమెరికా పార్లమెంటు రవాణా చట్టంలో ఒక సెక్షన్ పెట్టింది. కేంద్రం డబ్బుతో వేసే తారు రోడ్లలో 1994 నుంచి 5 శాతం, 1997 కల్లా 20 శాతం రోడ్లకు పాత టైరు రబ్బరు వాడి తీరాలని. రాష్ట్రాల ఇంజినీర్లు గోల పెట్టారు. చేతకాని చోట, అలవాటు లేని ప్లాంట్లలో, చలి ప్రాంతాల్లో హడావుడిగా వేసి కొన్ని రోడ్లు పాడుచేసుకున్నారు కూడా. 1995లోనే ఆ నిబంధన ఎత్తేశారు. అదే అరిజోనా మాత్రం ఎవరూ బలవంతం చేయకుండానే దశాబ్దాల పాటు వేసుకుంటూ వచ్చింది. తేడా రబ్బరులో లేదు కదా.

అరిజోనా గురించి కూడా అంతా గొప్పగా చెప్పను. 2003లో ఫీనిక్స్ ఫ్రీవేల కాంక్రీటు మీద అంగుళం మందం రబ్బరు తారు పరిచారు, చప్పుడు తగ్గడానికి. నిజంగానే తగ్గింది. ఆ పొర పాతబడి లేచిపోతున్న చోట్ల ఇప్పుడు దాన్ని తీసేసి కింది కాంక్రీటునే సన్నగా గీకి వాడుకుంటున్నారు. రబ్బరు రోడ్డు చిరంజీవి ఏమీ కాదు.

మన దేశానికి వద్దాం. ఇక్కడ దీన్ని సీఆర్ఎంబీ అంటాం, క్రమ్ రబ్బర్ మోడిఫైడ్ బిటుమెన్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 53 మార్గదర్శకాలు ఉన్నాయి. 2004లో ఐఎస్ 15462 వచ్చింది, 2019లో రబ్బరు బిటుమెన్‌కు విడిగా ఐఎస్ 17079 వచ్చింది. సీఆర్ఎంబీ-55 అంటే సాఫ్టెనింగ్ పాయింట్ కనీసం 55, సీఆర్ఎంబీ-60 అంటే కనీసం 60. ఇందాక చెప్పిన 47తో పోల్చుకోండి. మన దగ్గర రబ్బరు 10 శాతం అటూఇటూగానే పడుతుంది, అరిజోనా అంత కాదు. ఎక్కువ భాగం రిఫైనరీలోనో బ్లెండింగ్ ప్లాంటులోనో కలిపి ట్యాంకర్లో వస్తుంది.

టైర్లు ఎన్ని పోతాయో ఒక లెక్క వేద్దాం. కిలోమీటరు పొడవు, 7 మీటర్ల వెడల్పు, పై పొర 40 మిల్లీమీటర్లు. 280 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు 2.3 టన్నులనుకుంటే సుమారు 650 టన్నుల మిక్స్, అంటే కంకర, బిటుమెన్ కలిపిన సరుకు. బిటుమెన్ ఐదున్నర శాతం, అంటే 35 టన్నుల చిల్లర. అందులో పదో వంతు రబ్బరు, మూడున్నర టన్నులు. లారీ టైరు 50 కిలోలనుకుని తీగ, గుడ్డ తీసేస్తే 35 కిలోల పొడి వస్తుందనుకుందాం. కిలోమీటరుకు 100 టైర్లు. పది చక్రాల లారీలు పదింటికి ఒకసారి టైర్లు మారిస్తే వచ్చే సరుకు. సత్యవేడు వైపు చిన్నపాండూరులో 2020లో పెద్ద టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. మన ఆర్టీసీ బస్సులు కొండెక్కి దిగుతూ రోజూ టైర్లు అరగదీస్తున్నాయి. కాబట్టి సరుకుకు కరువు లేదు. కానీ ఈ లెక్క చూస్తే రోడ్లతోనే టైర్ల సమస్య మొత్తం తీరిపోతుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు.

ఇక ప్లాంటు దగ్గరికి పోదాం. నాకు ఇష్టమైన భాగం ఇదే.

పొడి వచ్చిన సంచి విప్పి గుప్పెడు తీయండి. తెల్లకాగితం మీద పరచి అయస్కాంతం తిప్పండి. తీగ ముక్కలు అంటుకుంటే తిప్పి పంపండి. వేళ్ల మధ్య నలిపితే దూదిలా పోగులు కనిపిస్తే నైలాన్ సరిగ్గా తీయలేదని. లారీ టైరు పొడి మేలు, అందులో సహజ రబ్బరు పాలు ఎక్కువ. రీట్రేడింగ్ షాపుల్లో పాత ట్రెడ్ గీకినప్పుడు రాలే పొడిలో తీగ ఉండదు, అదీ మంచిదే, జల్లించుకోవాలి. సామాన్యంగా 600 మైక్రాన్ల జల్లెడ దిగే సన్నం కావాలి. అన్నిటికన్నా ముఖ్యం తడి. వానాకాలంలో షెడ్డు బయట పెట్టిన సంచిని 170 డిగ్రీల బిటుమెన్‌లో కుమ్మరిస్తే నీరు ఆవిరై నురుగు పొంగి ట్యాంకు మూతలోంచి బయటికి వస్తుంది. పక్కన మనిషి ఉంటాడు, గుర్తుపెట్టుకోండి.

ట్యాంకులో కలియబెట్టే తెడ్డు ఆగకూడదు. రబ్బరు బిటుమెన్ కన్నా బరువు, తెడ్డు ఆపితే అడుగుకు దిగుతుంది. పైన పలచటి బిటుమెన్, అడుగున రబ్బరు ముద్ద. ఉదయం పరిచిన రోడ్డు ఒక రకం, సాయంత్రం పరిచింది ఇంకో రకం అవుతుంది. రాత్రి డీజిల్ మిగుల్తుందని జనరేటర్ ఆపేస్తారు చూడండి, అక్కడే పోతుంది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారంటే ఎవరో చేశారన్నమాట.

వేడి తక్కువైతే ఉబ్బదు, ఎక్కువైతే గంధకం ముడులు తెగి, గొలుసులూ తెగి రబ్బరు సాగే గుణం పోతుంది. చూడ్డానికి నున్నగా, కలపడానికి సులువుగా ఉంటుంది. ఆపరేటర్‌కు అదే నచ్చుతుంది, అదే ప్రమాదం. బైండర్, అంటే ఈ రబ్బరు బిటుమెన్, వేడి 165 నుంచి 185 మధ్య ఉండాలి. టిప్పర్లోంచి నీలిపొగ లేస్తుంటే మాడింది. మామూలు మిక్స్ కన్నా ఇది జిగట, పార కదలదు, కూలీలు విసుక్కుంటారు. చేత్తో సర్దే పని తగ్గించి, మిక్స్ పరిచే యంత్రం పేవర్‌నే నమ్ముకోవాలి. రోలర్ ఆలస్యం కాకూడదు, మిక్స్ 115 డిగ్రీలకు దిగేలోపు అణచడం పూర్తవ్వాలి. ఆ తర్వాత ఎన్ని సార్లు తిప్పినా ఫలితం లేదు. చక్రానికి అంటుకుంటోందని డీజిల్ చల్లకండి, డీజిల్ బిటుమెన్‌ను కరిగిస్తుంది. సబ్బు నీళ్లు చాలు.

ఒక పరీక్ష మాత్రం అందరూ కళ్లతో చూడాలి. ఎలాస్టిక్ రికవరీ. అచ్చులో పోసిన బిటుమెన్‌ను 15 డిగ్రీల నీళ్లలో ఉంచి రెండు వైపుల నుంచి నెమ్మదిగా 10 సెంటీమీటర్లు సాగదీస్తారు. సన్నటి నల్లటి తీగలా అవుతుంది. మధ్యలో కత్తెరతో కత్తిరించి గంటసేపు వదిలేస్తారు. మామూలు బిటుమెన్ కత్తిరించిన చోటే దాదాపు అలా పడి ఉంటుంది. రబ్బరు కలిపినదాని రెండు కొసలూ వెనక్కి ముడుచుకుంటాయి. సాగిన దానిలో కనీసం సగం వెనక్కి రావాలని ప్రమాణం. రోడ్డు వంగి లేవడం అంటే ఏమిటో ల్యాబ్‌లో కంటికి కనబడేది అక్కడే.

సభలో ఒకరు: సార్, టన్నుకు రేటు ఎక్కువ పడుతుంది. టెండరేమో తక్కువకు వేసినవాడికి పోతుంది. మేమెందుకు వేయాలి?

న్యాయమైన ప్రశ్న. మీ అంతట మీరు వేయరు, వేయమని నేనూ చెప్పను. ఎస్టిమేట్‌లోనే పెట్టాలి. అది కూడా అన్ని రోడ్లకూ కాదు. ఘాట్ ఎక్కుడు, టోల్ గేటు ముందు, బస్ బే, ఫ్యాక్టరీ గేటు, పగిలిన పాత రోడ్డు మీద కొత్త పొర వేసే చోటు. పాత పగుళ్లు కొత్త పొరలోకి పైకి రావడాన్ని రబ్బరు బాగా ఆలస్యం చేస్తుంది, దాని అసలు ప్రతిభ అదే అంటాను. రోజుకు నాలుగు ఆటోలు, రెండు ట్రాక్టర్లు పోయే ఊరి రోడ్డుకు ఇది దండగ. అక్కడ ఆ డబ్బుతో పక్క కాలువ తవ్వించండి.

కాలువ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2021 నవంబరు వరదలు మీరంతా చూశారు. తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, స్వర్ణముఖి మీద వంతెనలు దెబ్బతిన్నాయి, రోడ్లు కోసుకుపోయాయి. ఏ రబ్బరు వేసినా అవి ఆగేవి కావు. కింద మట్టి కట్ట తడిసి మెత్తబడితే పైన 40 మిల్లీమీటర్ల పొర ఏం చేస్తుంది? నీటికి దారి చూపని రోడ్డుకు ఖరీదైన తారు పోయడం మన శాఖల్లో పాత అలవాటు. దాని మీద ఇంకో సాయంత్రం మాట్లాడుకుందాం.

ఇక చెత్త సంగతి, బ్యానర్‌కు న్యాయం చేయాలి కదా. మన ఊళ్లలో పాత టైరుకు ఇంతకాలం చాలా దారులున్నాయి. చెప్పులయ్యాయి, రేకుల ఇంటి పైకప్పు మీద బరువయ్యాయి. పంక్చర్ షాపు వెనక వాన నీళ్లు పట్టుకుని డెంగీ దోమకు ఇల్లయ్యాయి. కొన్ని బట్టీల్లోకి పోయాయి. భోగి రోజు చూడండి. తెల్లవారుజామున మంటలో చెట్టు మొద్దుతో పాటు టైరు కూడా పడుతుంది. ఆ నల్లపొగ వీధంతా పీల్చుకుంటుంది, చంటిబిడ్డలతో సహా. పిడకలు, కట్టెలు వేసుకోండి, పండగకు లోటు రాదు.

2022 జులైలో కేంద్రం వ్యర్థ టైర్లకు ఉత్పత్తిదారు బాధ్యత నియమాలు తెచ్చింది. టైర్లు తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసేవాళ్లు ఇన్ని పాత టైర్లు రీసైకిల్ అయ్యాయని సర్టిఫికెట్లు చూపాలి. రీసైక్లింగ్ కిందికి వచ్చేవాటిలో సీఆర్ఎంబీ కూడా ఉంది. పొడి తయారీ యూనిట్లకు ఇది ఊతం. కాకపోతే సర్టిఫికెట్ కోసం తయారైన పొడి వేరు, రోడ్డు కోసం తయారైన పొడి వేరు. అయస్కాంతం జేబులో పెట్టుకోండి.

ఒక విద్యార్థిని: సార్, టైరు రసాయనాలు నీళ్లలోకి పోవా?

మంచి ప్రశ్న తల్లీ. 2020లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో శాస్త్రవేత్తలు టైర్లలో వాడే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్ తగిలి మారాక కోహో సాల్మన్ చేపలను చంపుతోందని తేల్చారు. అది ముఖ్యంగా బళ్లు తిరుగుతూ అరిగి రాలే టైరు పొడి నుంచి, వాన నీళ్లతో వాగుల్లోకి పోయింది. మనం కలిపే రబ్బరు బిటుమెన్‌లో మునిగి ఉంటుంది, ఊరికే పారబోసిన పొడి లాంటిది కాదు. అయినా ‘పూర్తిగా హరితం’ అని బోర్డు పెట్టే ముందు దాన్ని కొలవాలి. వేడిచేసేటప్పుడు వచ్చే పొగ సంగతీ అంతే. పేవర్ వెనక నిలబడేది మనం కాదు, రోజు కూలీకి వచ్చిన మనిషి. మీ ప్రాజెక్టు వర్కుకు ఇవి రెండూ మంచి అంశాలు.

ఒక మేస్త్రీ: అయ్యా, ట్యాంకర్ వచ్చినప్పుడు సరుకు మంచిదో కాదో మాకు తెలిసేదెట్లా? కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి.

కాగితం పక్కన పెట్టండి. ట్యాంకర్ పై మూతలోంచి ఒక డబ్బా, అడుగు వాల్వు నుంచి ఒక డబ్బా నమూనా పట్టండి. రెండింటి మీదా తేదీ, ట్యాంకర్ నంబరు రాసి ల్యాబ్‌కు పంపి సాఫ్టెనింగ్ పాయింట్ చూపించండి. రింగులో బిటుమెన్ పోసి, పైన ఉక్కు గోళీ పెట్టి, నీళ్లు నిదానంగా వేడిచేస్తే గోళీ ఏ డిగ్రీ దగ్గర కిందికి జారిందో తెలుస్తుంది. గంటా గంటన్నర పని. రెండు డబ్బాలకూ తేడా మూడు నాలుగు డిగ్రీలు దాటితే రబ్బరు అడుగుకు దిగినట్టే. అప్పుడు ట్యాంకర్ను గేటు బయటే ఆపి ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు, ఫోన్ చేయండి. ఆయన రాకముందు అన్‌లోడ్ చేయించకండి.